వంకర తెడ్డు

మూడో మెట్టు. డెబ్భై రెండింట్లో ఇంకా మూడోదే. గోడ అవతల ఇనుప గదిలో మోటారు గుర్రుమని ఐదు డిగ్రీలు తిరిగి ఆగింది, స్క్రీను మీద అంకె మారింది, నేను తలుపు గడియ వైపు ఇంకోసారి చూశాను. వేసే ఉంది. తొమ్మిదీ నలభై అయిదుకు నా చేత్తో నేనే వేశాను. ఒక్కో మెట్టుకు యాభై సెకన్లు, డెబ్భై రెండు మెట్లకు సరిగ్గా గంట, పదీ నలభై అయిదుకు చుట్టు పూర్తవుతుంది, పదకొండుకు ఈ గదిని తనిఖీ చేసే కమిటీ వస్తుంది. ఈ లోపల ఎవరు తలుపు తట్టినా తీయను. ప్రసన్నకుమారి మేడం తట్టినా తీయను. ఆమె తప్పకుండా వస్తుంది. నంద్యాలకు వచ్చిన మొదటి ఏడు నాకు జ్వరమొస్తే తన ఇంటి నుంచి చారన్నం తెచ్చి పెట్టిన మనిషి, నా పరిశోధనకు గైడు, నా మొహం చూసి తిన్నానో లేదో చెప్పేసే మనిషి, అట్లాంటి మనిషి మొహం మీద గడియ వేసే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు, వేసినందుకు బాధ కూడా రావడం లేదు. మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాయన గడియ వైపు ఒకసారి చూసి, కాళ్ళ మధ్య పెట్టుకున్న సుత్తుల సంచీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

బల్ల మీద ఆ రిపోర్టు ఉంది. నాలుగు పేజీలు, మేడం సంతకం అయింది, నా సంతకానికి చోటు వదిలారు. అందులో రాసింది ఒకటే మాట: మా ఛాంబర్‌లో కలియబెట్టే తెడ్డు డెబ్భై రెండు మెట్లు తిరిగితే డెబ్భై రెండూ వేర్వేరు, ఒక్కటి కూడా ఇంకోదానికి నకలు కాదు. అది అబద్ధం. నేను సంతకం పెడితే నెలాఖరుకు నా థీసిస్ వెళ్తుంది, పెట్టకపోతే వెళ్ళదు. నిన్న సాయంత్రం మేడం ఆ మాట చాలా మెల్లగా చెప్పింది, టీ గ్లాసు నా వైపు జరుపుతూ. బెదిరింపును మెల్లగా చెప్తే సలహా అయిపోతుందనుకుంది కాబోలు. ఐదేళ్ళు, ఎనిమిది నెలలు. హాస్టల్లో నాతో చేరినవాళ్ళందరూ వెళ్ళిపోయారు, వార్డెన్ కూడా మారిపోయింది, నేనే మిగిలాను. అయినా పెట్టను. ఆరో మెట్టు.

కాలేజీలో పిల్లలు ఈ ఛాంబర్‌ను బీరువా అంటారు. ఆరు గోడలూ ఇనుమే, తలుపు వేస్తే ఫోను చచ్చిపోతుంది, లోపలికి పంపిన రేడియో తరంగాలు బయటికి పోలేక ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటూ ఉంటాయి. చూడ్డానికి ఖాళీ గదే. కానీ ఒక మూల తరంగాలు కుమ్మేస్తుంటాయి, దానికి జానెడు పక్కన అసలేమీ ఉండదు, చచ్చిన చోటు. ఎవరి యంత్రాన్నో పరీక్షకని తెచ్చి ఖర్మకొద్దీ ఆ చచ్చిన చోట పెట్టామనుకోండి, దానికేమీ తగలదు, ఏమీ తగలదు కాబట్టి ఏమీ కాదు, ఏమీ కాలేదు కాబట్టి మంచి యంత్రమని కాగితం రాసిస్తాం. అందుకని గదిలో పైనుంచి కిందిదాకా ఒక స్తంభం, దానికి పెద్ద పెద్ద రేకు రెక్కలు. అది కదిలిన ప్రతిసారీ తరంగాల దారులు మారిపోతాయి, చచ్చిన చోటు బతుకుతుంది, కుమ్మే చోటు చల్లబడుతుంది. డెబ్భై రెండు మెట్లంటే డెబ్భై రెండు కొత్త గదులన్నమాట. యంత్రం ఒక్కచోటే కూర్చుని డెబ్భై రెండు గదులకు తట్టుకోవాలి. పుస్తకాల్లో దాన్ని స్టిర్రర్ అంటారు. మొదటి రోజే నాయన దానికి తెడ్డు అని పేరు పెట్టాడు, అప్పటినుంచి ఇంట్లో అందరికీ అది తెడ్డే, మెల్లగా నాకూ అంతే అయింది.

"ఇంగెన్ని?" అన్నాడు నాయన.

"అరవై ఒకటి నాయనా."

మా నాయన శాంతయ్య అసలు మాట్లాడే మనిషి కాదు, ఆయన చప్పుడంతా సుత్తిలోనే ఉంటుంది. ఆళ్లగడ్డలో రోడ్డు వెంబడి షెడ్లలో అందరూ రాయి కొడతారు, మా షెడ్డులో రేకు కొడతారు. ధ్వజస్తంభాలకు రాగి తొడుగులు, దేవుళ్ళకు కవచాలు, వెనక నిలబెట్టే మకర తోరణాలు. నేను పుట్టిననాడు అహోబిలానికి గోదాదేవి కవచం అప్పజెప్పాల్సి ఉండిందట, ముక్కు దగ్గర పని ఆగిపోయిందట, నేను పుట్టానని కబురు వచ్చాక ముక్కు కుదిరిందట, అందుకని నాకు గోదా అని పేరు. నా ముక్కు మాత్రం అంత బాగా కుదరలేదని అమ్మ అంటుంది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నా పని కాగితం పట్టుకోవడం. నాయన ఎప్పుడూ బొమ్మ పూర్తిగా గీయడు, సగమే గీస్తాడు. పెద్ద కాగితాన్ని నిలువునా మధ్యకు మడిచి, మడత పక్కన ఒక మకరం, ఒక తీగ, సగం కిరీటం గీసి, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తాడు. నేను మడత విప్పితే రెండో మకరం వచ్చేస్తుంది. ఎడమది కుడిదాన్ని చూస్తూ, పన్ను దగ్గర పన్ను, తోక దగ్గర తోక. ఆ విప్పడం కోసమే నేను పరిగెత్తుకుని వచ్చేదాన్ని. ఒకసారి తిరునాళ్ళలో ఎవరిదో తోరణం చూసి నాయన మొహం తిప్పేసుకున్నాడు, ఎందుకు నాయనా అంటే, "ఎడమదాని కన్ను గింజంత కిందికుండాది పాపా, సూడలేకపోతాండా" అన్నాడు. గింజంత. నాకు ఎంత వెతికినా కనిపించలేదు.

అట్లాంటి మనిషికి నేను తెడ్డు బొమ్మ గీసి ఇచ్చాను. కాలేజీ వర్క్‌షాపులో అడిగితే ఇంత పెద్ద రేకు మాకు వంగదన్నారు, నాకు మా షెడ్డు గుర్తొచ్చింది, మేడం కూడా సరేనంది. నిలువెత్తు చార్టు మీద, కుడివైపు మూడు రెక్కలు, ఎడమవైపు రెండు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకదానికి మూల తెగ్గోసి, అన్నీ ఎగుడుదిగుడుగా, కావాలనే. ఎందుకు కావాలో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు, నాయనకు ఏం అర్థమవుతుందిలే అన్న పొగరు కూడా కొంచెం ఉండి ఉంటుంది, ఉంది. ఆయన ఆ చార్టు చూసి పాపం నా బిడ్డ పరీక్షల గొడవలో తొందరతొందరగా గీసిందనుకున్నాడు. తప్పు గీశావని ఫోను చేసి చెప్తే చిన్నబుచ్చుకుంటాననుకున్నాడు. చార్టును మధ్యకు మడిచాడు. కుడిసగం బాగుందని దాన్నే ఉంచుకుని రెండు పొరలూ కలిపి కత్తిరించాడు. మూడు వారాలకు వచ్చింది తెడ్డు, ఎంత అందంగా వచ్చిందంటే, దాని పక్కన నిలబడి డిపార్ట్‌మెంటంతా ఫోటోలు దిగింది. మేడం రెక్క అంచు మీద వేలు నడిపించి, "గోదా, ఇది మీ నాన్నగారి చేతిపనా, మనం దీన్ని చీకటి గదిలో పెడుతున్నామే" అంది. రెండువైపులా ఒకటే ఉన్నాయని నేను చూడలేదా? చూశాను. బరువు సరిపోవడానికి చేసి ఉంటాడులే అనుకుని వదిలేశాను. నాయన తప్పు సగం, నా తప్పు సగం. కాదు, నాదే ఎక్కువ, ఎందుకంటే నాకు తెలుసు కాబట్టి. ఇరవయ్యో మెట్టు.

బల్లపరుపు రేకులు, రెండువైపులా ఒకటే కోత. సగం చుట్టు తిరిగేసరికి కుడిరెక్క ఎడమరెక్క చోటికి వచ్చి నిలబడుతుంది. రెండూ ఒకటే అయినప్పుడు గదికి తేడా ఏం తెలుస్తుంది? ముప్పై ఆరు మెట్లు కొత్త గదులు, తర్వాతి ముప్పై ఆరూ పాతవే, అదే వరసలో. ఇది కనిపెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. మా లెక్కలన్నీ ఒక మెట్టును పక్క మెట్టుతోనే పోల్చేవి, పక్క మెట్టుతో పోలిస్తే అన్నీ వేరే, అంతా బ్రహ్మాండం. జనవరిలో ఒక మధ్యాహ్నం చుట్టు మొత్తాన్నీ పొడుగాటి కాగితం మీద గ్రాఫుగా తీసి, ఫైల్లో పట్టక, చిన్నప్పటి అలవాటు కొద్దీ మధ్యకు మడిచాను. కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ఎండ కాగితంలోంచి వచ్చింది. మడిస్తే ఒక సగం గీత తిరగబడి కనబడుతుంది కదా, అందుకని విప్పి, మధ్యకు చించి, ఒక సగాన్ని ఇంకో సగం మీద పెట్టి మళ్ళీ ఎండకు పట్టాను. రెండు గీతలూ ఒకటే గీత అయిపోయాయి. గుట్ట మీద గుట్ట, లోయ మీద లోయ. నాయన మడత నాకు ఆ క్షణంలోనే కనిపించింది, ఎవరూ చెప్పకుండానే. కుర్చీ లాక్కుని కూర్చుని, అయ్యో నాయనా, అనుకున్నాను, చాలాసేపు.

మేడం ఆ రెండు ముక్కలనూ చూసింది. ఆమెకు అర్థం కాకపోవడమేమిటి, నాకు నేర్పిందే ఆమె. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఫారంలో ఏం అడిగారు?" అంది. పక్క మెట్టుతో పోలిక, అన్నాను. "అది బాగుంది కదా. సగం చుట్టు అవతలదానితో పోల్చమని ఎవరడిగారు?" నేను అడుగుతున్నాను మేడం, అన్నాను. మర్నాటి నుంచి రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంది. వచ్చే మార్చికి రిటైరని. ఈ గది కోసం నాలుగేళ్ళు తిరిగానని. అది నిజమే, ఆ ఫైళ్ళు మోసింది నేనే. ఆడమనిషికి ఇనుప గదెందుకు, వంటగది చాలదా అని ఒక పెద్దమనిషి ఆమె మొహం మీదే అంటే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, "రేపు మళ్ళీ వద్దాం" అన్న మనిషి ఆమె. ఆ మెట్ల మీద పక్కన కూర్చున్నదాన్ని కాబట్టే నాకింత కోపం. ఇంకెవరైనా అయితే ఛీ అని ఊరుకునేదాన్ని. ఈమె తల వంచితే నాకు మెడ నొప్పి పుడుతోంది.

పైగా జకరయ్య సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. గడివేముల దగ్గర కాలువ గట్టు మీద మోటారు పెట్టుకున్న రైతు. ఫోను చేస్తే మోటారు ఆన్ అయ్యే స్టార్టరు బిగించుకున్నాడు, రాత్రిళ్ళు పాములకు భయపడి. ఒకనాడు పొద్దున మోటారు ఆపి, బెల్టు ఎక్కిస్తున్నాడు. మేము వెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని ఎడమచేయి చాపి చూపించాడు, మూడు వేళ్ళున్నాయి. "ఫోను మోగింది మేడం. నాది గాదు. గట్టు మింద పోతాండే ఎవునిదో. దాని పాటికది తిరుక్కున్నాది" అన్నాడు, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు. ఆ స్టార్టరు పెట్టె మీద పరీక్ష చేశారని ముద్ర ఉంది. ఎవరు చేశారో, ఏ గదిలో చేశారో, ఆ పెట్టె ఏ చచ్చిన చోట కూర్చుని నెగ్గిందో తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మేడం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ గది ఎందుకు కావాలో రాసిన మొదటి పేజీలో మొదటి వాక్యం ఆ మనిషి వేళ్ళే. ఇప్పుడు మన గదిలో సగం పాత గదులని తెలిసీ డెబ్భై రెండని రాసిస్తే, రేపు ఇంకో పెట్టె మీద ముద్ర పడేది మన చేతుల్తోనే. నిన్న ఇది చెప్పాను. మేడం టీ గ్లాసు వైపు చూస్తూ, "అందరూ అట్లాగే చేస్తున్నారు గోదా" అంది. అందరూ అంటే ఎవరు మేడం, నాకు పేర్లు కావాలి, అన్నాను. అట్లా అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను, అయిపోయింది. ముప్పై ఆరో మెట్టు.

ముప్పై ఏడు. ఇక్కడే ఉంది ప్రాణమంతా. పాత తెడ్డయితే ఇక్కడినుంచి మళ్ళీ మొదటి గది. స్క్రీను మీద గీత పైకి పోయింది. మొదటి మెట్టులో కిందికి ఉండింది, నాకు గుర్తుంది. ముప్పై ఎనిమిది, మళ్ళీ వేరే. నేను కుర్చీలోంచి సగం లేచానని నాయన చూపును బట్టి తెలిసింది. "ఏందీ?" అన్నాడు. ఏమీ లేదు నాయనా, వేరేగా పోతోంది, అన్నాను. ఆయన తల ఊపి టిఫిన్ క్యారియరు మూత తీసి, ఉగ్గాని, ఒక బజ్జీ మూతలో పెట్టి నా మోచేతి పక్కన పెట్టాడు. అమ్మ తెల్లారుజామున లేచి చేసింది. తినలేకపోయాను, వాసన మాత్రం బాగుంది.

పోయిన ఆదివారం నేను తెడ్డును విప్పించి, వ్యానులో వేసుకుని ఆళ్లగడ్డ వెళ్ళి షెడ్డులో నిలబడి, నాయనా, తెడ్డు తప్పు వచ్చింది, అన్నాను. ఆయన చేతిలో సుత్తి ఆగలేదు. "నా చేతిలో ఎచ్చుతగ్గులు రావు పాపా" అన్నాడు. రాలేదు నాయనా, అదే తప్పు, అన్నాను. అప్పుడు ఆగింది. నేను ఈసారి అంతా చెప్పాను, జకరయ్య వేళ్ళతో మొదలుపెట్టి, మడత దాకా. విని, లేచి, చొక్కా తగిలించుకుని రోడ్డు మీదికి పోయాడు. చీకటి పడకముందే వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అమ్మ పొయ్యి మీద సంగటి గెలుకుతోంది, కుండను రెండు కట్టెలతో అదిమి పట్టుకుని. వెనక్కి తిరగకుండానే, "ఒగ దిక్కే తిప్పితే ఉండలు గడతాది. ఎదురు తిప్పల్ల, అడ్డం తిప్పల్ల, అడుగునుంచి గెలకల్ల. ఇంత దానికి నాయనా బిడ్డా మొగాలు మాడ్చుకోని కూచున్నారు" అంది. నేను ఐదేళ్ళు చదివిందంతా ఆ పొయ్యి ముందర మూడు ముక్కల్లో అయిపోయింది. నాయన సంగటి ముద్ద వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి తెడ్డు షెడ్డులో నేల మీద పరిచి ఉంది, ఆయన దాని తలవైపు కూర్చుని ఉన్నాడు. "ఏ పక్క చెడగొట్టల్ల?" అన్నాడు.

చెడగొట్టడం ఆయనకు చేతకాలేదు. అది చూసినదాన్ని నేనొక్కదాన్నే, ఇంకెవరూ చూడకుండా రోడ్డువైపు పట్ట దించేశాడు. రెక్కను వంకరగా కొడతాడు, రెండు దెబ్బలు వేస్తాడు, మూడో దెబ్బ తనకు తెలియకుండానే సరిచేస్తుంది. మళ్ళీ కొడతాడు, మళ్ళీ సరి అయిపోతుంది. నలభై ఏళ్ళ చేయి అది, వద్దన్నా తిన్నగానే పోతుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకుని నిలబడ్డాను. చివరికి ఆయన సుత్తిని ఎడమచేతికి మార్చుకున్నాడు. "కుడిచెయ్యి నా మాట ఇనదు" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఎడమచేత్తో కొట్టాడు, ఒక రెక్క లోపలికి, ఒకటి బయటికి, ఒకటి మెలి తిప్పి, ఒకదాన్ని సగానికి కోసేసి. దెబ్బ ఎక్కడ పడుతుందో ఆయనకే తెలియదు, బొటనవేలు నల్లగా కమిలింది. పని అయ్యాక దానివైపు చూడకుండా చేతులు కడుక్కుని, "ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పాకు" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. నిన్న వ్యానులో దాన్ని పట్టుకుని వస్తుంటే శిరివెళ్ళలో టీ దగ్గర ఎవరో, "ఇదేందప్పా, గాలివానకు పడిపోయిన బోర్డా?" అని అడిగారు. నాయన ఔనన్నాడు.

నలభై తొమ్మిదో మెట్టు దగ్గర తలుపు చప్పుడైంది. రెండు వేళ్ళతో తట్టడం, మేడమే.

"గోదా, తలుపు తీయి."

"పదీ నలభై అయిదుకు తీస్తాను మేడం."

"కమిటీ వాళ్ళు ముందే వచ్చేశారు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. ఇప్పుడు నువ్వు కొత్త అంకె తెస్తే పాత రిపోర్టు ఏమవుతుంది?"

"తప్పవుతుంది మేడం."

అప్పుడు గుర్తొచ్చింది, మెయిన్ స్విచ్ వరండాలో ఉంది. తలుపు పక్కనే, ఆమె చేయి చాపితే అందేంత దూరంలో. గడియ వేసి పెద్ద మొనగత్తెనని మురిసిపోయాను, స్విచ్ సంగతే మరిచిపోయాను. ఒక్కసారి కిందికి నొక్కితే చాలు, యాభై మెట్లూ గాలికి పోతాయి, మళ్ళీ మొదటినుంచి తిప్పేంత టైము లేదు. యాభై ఒకటి. మోటారు చప్పుడు వినిపించేదాకా ఊపిరి బిగబట్టాను. యాభై రెండు. ఇప్పుడు ఆపుతుందా? ఆపితే నేను తలుపు తీసి ఏమంటాను? ఏమీ అనను, ఆ గ్రాఫు రెండు ముక్కలూ తీసుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికే పోయి, కమిటీ టీ కప్పుల మధ్య పెట్టి, ఎండకు పట్టుకుని చూడండి సార్ అంటాను. నా థీసిస్ సంగతి? అది ఇక ఉండదు. హాస్టల్ ఖాళీ చేసి, ఆళ్లగడ్డ బస్సెక్కి, షెడ్డులో కాగితాలు మడుస్తాను. మడవనులే, మడవకుండా గీయడం నేర్పుతాను. యాభై అయిదు. మోటారు తిరిగింది. యాభై ఆరు. నాయన కూడా వింటున్నాడు, ఆయన తల గోడవైపు ఒరిగి ఉంది, రేకు ఎక్కడ పలుచబడిందో చెవితో కనుక్కునేటప్పుడు ఒరిగినట్టు. అరవై. ఆమె చెప్పుల చప్పుడు ఇంకా వెళ్ళలేదు, తలుపు కింద నీడ ఉంది. ఆమె స్విచ్ ముట్టుకోలేదు. అరవై మూడు. ముట్టుకోదు. ఆ మెట్ల మీద రేపు మళ్ళీ వద్దామన్న మనిషి ఇంకా ఆ చీరలో ఎక్కడో ఉంది, నాకు తెలుసు, తెలిసే ఇంత మొండికేశాను. కళ్ళు మసకబారాయి. చున్నీతో తుడుచుకుని అంకె చూశాను.

డెబ్భై రెండు. మోటారు చివరిసారి గుర్రుమని ఆగింది. ఈసారి లెక్క నేనే మార్చి రాశాను, ప్రతి మెట్టునూ పక్కదానితోనే కాదు, మిగతా అన్నిటితోనూ పోల్చేట్టు. పాత తెడ్డుకు ఇదే లెక్క కడితే ముప్పై ఆరు కూడా సరిగ్గా రాలేదు, ముప్పై నాలుగు. నెగ్గాలంటే దాటాలని కమిటీ పెట్టిన గీటు అరవై. కంప్యూటరు నిమిషంపైనే ఆలోచించింది. నాయన లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు, ఆయన దగ్గర లక్క వాసన, రేకు వాసన. అంకె వచ్చింది. యాభై ఎనిమిది.

రెండు. రెండే తక్కువ. ఇంత చేసీ, ఎడమచేత్తో కొట్టీ, గడియ పెట్టీ, రెండు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇక్కడ యాభై ఎనిమిదిని అరవై చేయడం ఎంత సులువో నాకు తెలుసు, లెక్కలో ఒక చిన్న అంకె అటూ ఇటూ జరిపితే చాలు, పోలిక గీటును వెంట్రుకవాసి పైకెత్తితే రెండు కాదు ఐదొస్తాయి, ఎవరూ అడగరు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది, వేలు కీబోర్డు మీదే ఉంది. అప్పుడు, పక్క మెట్టుతో పోల్చితే చాలు కదా అన్న మేడం గొంతు నా గొంతులోనే వినిపించింది. వేలు తీసేశాను. లేచి గడియ తీశాను.

మేడం గుమ్మంలోనే ఉంది, మొహమంతా చెమట. నన్ను దాటి స్క్రీను చూసింది. "యాభై ఎనిమిది" అని చదివింది. "అరవై లేదు." లేదు మేడం, అన్నాను. "మరి దేనికిదంతా?" అంది, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టు. ఖాళీ ఫారం తీసుకుని, పాతదాన్ని పక్కకు జరిపి, రాయడం మొదలుపెట్టాను. వేర్వేరు మెట్లు: యాభై ఎనిమిది. గీటు దాటిందా: లేదు. పాత తెడ్డు: ముప్పై నాలుగు. తయారు చేసినవారు. అక్కడ కలం ఆగింది. పాత రిపోర్టులో ఆ గడిలో కాలేజీ వర్క్‌షాపు అని ఉంది. నేను నాయనకు మాటిచ్చాను.

మేడం నా ఆగిన చేయి చూసి, నాయన వైపు తిరిగింది. "దీన్ని ఇట్లా చేసింది మీరేనా?"

"నేనే" అన్నాడు నాయన. నలుగురిలో ఆయన గొంతు ఇంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ముందరిది గూడ నేనే జేసినా. అది తప్పు. బిడ్డ సరిగ్గానే గీసిచ్చింది, నేనే మడిసినా."

మేడం ఆయన కమిలిన బొటనవేలు చూసింది. ఆమె చేతిలో ఫైలు ఉంది, ఆ ఫైల్లో ఆమె సంతకం ఉంది, అది తప్పు అన్న ఈ ఒక్క మాట నాలుగు నెలలుగా ఆమె నోట రాలేదు. నాయన నా భుజం మీదుగా వంగి ఫారంలో ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. "రాయి" అన్నాడు. "ఇంటిపేరు గూడ రాయి."

రాశాను, ఇంటిపేరుతో సహా. కింద నా సంతకం పెట్టాను. ఆ పక్కన మేడం సంతకానికి చోటు వదిలాను. నాయన అప్పటికే సుత్తుల సంచీ తీసుకుని ఇనుప గది తలుపు దగ్గరికి పోయాడు. "రెండే గదా తక్కువ. యాడ కొట్టల్నో వచ్చి సూపీ" అన్నాడు. వరండా చివర మాటలు వినపడుతున్నాయి, ప్రిన్సిపాల్ గారి నవ్వు, నాలుగైదు జతల బూట్లు. మేడం ఫారాన్ని చేతిలోకి తీసుకుంది, చదివింది, నన్ను చూసింది.

"వాళ్ళకు ఏం చెప్పమంటావు?" అంది.

"యాభై ఎనిమిదని చెప్పండి మేడం. ఇంకా కొడుతున్నారని చెప్పండి."

ఆమె నా కలం తీసుకుంది. గదిలో మొదటి దెబ్బ పడింది, ఆరు గోడలూ మోగాయి, వరండాలో మాటలు ఆగిపోయాయి. నాయన ఎడమచేత్తో కొడుతున్నాడు.